మధ్యాహ్నం యూనిట్ వేరు, రాత్రి ఏడింటి యూనిట్ వేరు

సంపాదకులకు నమస్కారం.

సౌర విద్యుత్ యూనిట్ రెండున్నర రూపాయలకే దొరుకుతుంటే కరెంటు బిల్లు ఎందుకు తగ్గడం లేదని పాఠకులు అడుగుతున్నారు. ఎండ ఉన్నంతసేపే ఆ చవక, పొద్దు గూకితే మళ్లీ బొగ్గే దిక్కు కాబట్టి సౌర విద్యుత్ చవకని చెప్పడమే తప్పని మరికొందరు జవాబిస్తున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ ఇద్దరూ లెక్కను సగంలో ఆపేస్తున్నారు. బిల్లు కట్టేది మనమే కనుక ఆ మిగతా సగం కూడా అందరికీ తెలియాలి.

ముందు బొగ్గు విద్యుత్ ధర ఎలా తయారవుతుందో చూద్దాం. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి స్థిర ఛార్జీ. ప్లాంటు కట్టిన అప్పుకు వడ్డీ, యజమాని పెట్టుబడిపై రాబడి, తరుగుదల, సిబ్బంది, మరమ్మతులు అన్నీ ఇందులోకి వస్తాయి. ప్లాంటు 85 శాతం సమయం సిద్ధంగా ఉంటే చాలు, డిస్కం, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, ఒక్క యూనిట్ తీసుకోకపోయినా ఈ సొమ్ము పూర్తిగా చెల్లించాలి. రెండోది చర ఛార్జీ, అంటే కాల్చిన బొగ్గు ఖరీదు. తీసుకున్న యూనిట్లకే ఇది పడుతుంది.

ఇప్పుడు కొత్తగా 800 మెగావాట్ల బొగ్గు ప్లాంటు కడితే మెగావాట్‌కు 9 కోట్లు అవుతుందనుకుందాం. అందులో 70 శాతం అప్పు, 30 శాతం సొంత పెట్టుబడి. సొంత పెట్టుబడిపై కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించే రాబడి 15.5 శాతం, అంటే ఏడాదికి సుమారు 42 లక్షలు. అప్పుపై 9 శాతం వడ్డీ వేస్తే మొదటి ఏడాది 57 లక్షలు. తరుగుదల 5.28 శాతం వేస్తే 47 లక్షల పైచిలుకు. నిర్వహణకూ వర్కింగ్ క్యాపిటల్ వడ్డీకీ కలిపి 34 లక్షలు. మొత్తం మెగావాట్‌కు ఏడాదికి 1.80 కోట్లు. ప్లాంటు 85 శాతం నడిచి, తన సొంత వాడకానికి 6 శాతం పోగా గ్రిడ్‌కు పంపేది 70 లక్షల యూనిట్లు. అంటే యూనిట్‌కు స్థిర ఛార్జీ 2.57 రూపాయలు.

ఇక బొగ్గు. కొత్తరకం సూపర్ క్రిటికల్ ప్లాంటు ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 2,200 కిలో కేలరీల వేడి అడుగుతుంది. మన దగ్గర దొరికే బొగ్గులో కిలోకు 3,600 కిలో కేలరీలు ఉన్నాయనుకుంటే 610 గ్రాములు కాలుతుంది. ప్లాంటు గేటు దగ్గరికి చేరేసరికి టన్ను 4,500 రూపాయలైతే, సొంత వాడకం పోగా యూనిట్‌కు 2.93 రూపాయలు. రెండూ కలిపితే ఐదున్నర రూపాయలు. ఇది కాగితం మీది లెక్కే అయినా గాల్లో లెక్క కాదు. 2025లో ఉత్తరప్రదేశ్ పిలిచిన టెండరులో కొత్త బొగ్గు ప్లాంటుకు పలికిన ధర 5.38 రూపాయలు. మధ్యప్రదేశ్‌లో అదే ఏడాది 5.80 దాటింది. పాతికేళ్ల కిందట కట్టి, అప్పు తీరిపోయి, బొగ్గు గని పక్కనే ఉన్న పాత ప్లాంటు మూడున్నర, నాలుగు రూపాయలకే ఇస్తుంటుంది. ఆ ధర చూపించి కొత్త ప్లాంటుకు సంతకం పెట్టమనడం సరైన పోలిక కాదు.

ఈ ఐదున్నరలో కదిలేది బొగ్గే. పై లెక్కలో టన్నుకు 100 రూపాయలు పెరిగితే యూనిట్‌కు ఆరున్నర పైసలు పెరుగుతుంది. రైలు ఛార్జీ పెరిగినా అంతే, పన్ను మారినా అంతే. 2025 సెప్టెంబరులో టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు తీసేసి జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. తక్కువ ధర బొగ్గుకు అది లాభం, ఖరీదైన బొగ్గుకు ఆ లాభం కరిగిపోతుంది. వీటన్నిటికంటే ఎక్కువగా దెబ్బ తీసేది నాణ్యత. మన బొగ్గును జీ1 నుంచి జీ17 వరకు గ్రేడ్లుగా విడదీశారు. చాలా గ్రేడ్ల మధ్య తేడా కిలోకు 300 కిలో కేలరీలు. గనిలో రాసిన గ్రేడు ఒకటి, బంకర్‌లో పడింది దానికి ఒక మెట్టు కింద అయితే, 610 గ్రాములు కాలాల్సిన చోట 667 గ్రాములు కాలుతుంది. టన్ను ధర అదే ఉంటే యూనిట్‌కు దాదాపు 27 పైసలు అదనం. రాళ్లు కలిసినా, వానాకాలంలో తేమ ఎక్కినా ఇదే జరుగుతుంది. అందుకే లోడింగ్ పాయింట్ దగ్గర మూడో పక్షం చేసే నమూనా పరీక్ష, ప్లాంటు దగ్గర చేసే పరీక్ష రెండూ పోల్చి చూడాలి. బొగ్గు సరిపోని 2022 వేసవిలో దిగుమతి బొగ్గు కలపమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అప్పటి అంతర్జాతీయ ధర మన బిల్లుల్లోకి ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ (తర్వాత తేలిన అదనపు ఖర్చు వసూలు) అనే పేర్లతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వసూలు చేసిన పద్దు అదే.

గ్యాస్ సంగతి గోదావరి జిల్లాల వారికి వేరే చెప్పనక్కర్లేదు. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్మి వేమగిరి, కొండపల్లి, సామర్లకోట చుట్టుపక్కల ప్లాంట్లు కట్టారు. ఆ బేసిన్‌లోని డీ6 గ్యాస్ క్షేత్రంలో ఉత్పత్తి పడిపోయాక 2013 నుంచి అవి చాలావరకు ఖాళీగా ఉన్నాయి. ఇంధనం మీద నడిచే ప్లాంటుకు ధర ఎంత అన్నదానికి ముందు, ఇంధనం పాతికేళ్లు దొరుకుతుందా అన్నదే మొదటి ప్రశ్న.

సౌర విద్యుత్ లెక్క ఇంతకంటే పొట్టిది. మెగావాట్‌కు సుమారు 4 కోట్లు, నాలుగైదు ఎకరాల భూమి. అనంతపురం, కర్నూలు ఎండకు 25 శాతం సామర్థ్య వినియోగం పట్టినా ఏడాదికి 21.9 లక్షల యూనిట్లు. ఇంధనం లేదు. ఒప్పందంలో రాసుకున్న ఒకే ధర పాతికేళ్లు నిలుస్తుంది. 2010 డిసెంబరులో జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో యూనిట్ 10.95 నుంచి 12.76 రూపాయల మధ్య పలికింది. 2017 ఏప్రిల్‌లో కడప సౌర పార్కుకు 3.15, ఆ మరుసటి నెలలోనే రాజస్థాన్ భడ్లాలో 2.44. 2021లో ఆంధ్రప్రదేశ్ కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీతో 7,000 మెగావాట్లకు రాసుకున్న ధర 2.49. ఆ ఒప్పందం చుట్టూ ఉన్న వివాదాల సంగతి వేరు, ధర స్థాయి మాత్రం దేశమంతటా అదే చుట్టుపక్కల ఉంది.

ఇంధనం లేనప్పుడు మిగిలేది వడ్డీ. 4 కోట్లలో 3 కోట్లు అప్పయితే, వడ్డీ ఒక్క శాతం పెరిగినా మొదటి ఏడాది యూనిట్‌కు 13 పైసల పైన భారం పడుతుంది. బిల్లులు నెలల తరబడి ఆపే డిస్కంలు ఉన్న రాష్ట్రానికి బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇవ్వవు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర ఒప్పందాల ధరలు తగ్గించడానికి కమిటీ వేసింది. వివాదం హైకోర్టుకు వెళ్లింది. అది తేలేదాకా పవన విద్యుత్‌కు 2.43, సౌర విద్యుత్‌కు 2.44 చొప్పున తాత్కాలికంగా చెల్లించారు. 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పందపు ధరే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని చెప్పింది. పాత పవన ఒప్పందాల 4.84 రూపాయలు ఇవాళ్టి ధరతో చూస్తే భారమే, కాదనలేం. కానీ రాసుకున్న ధరను వెనక్కి తిప్పే ప్రయత్నం వల్ల ఆ భారం తగ్గలేదు సరికదా, తర్వాత టెండరు వేసేవాళ్లు ఆ అనుమానాన్ని కూడా ధరలో కలుపుకొనే పరిస్థితి వచ్చింది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. గ్రిడ్‌లో సరుకు నిల్వ ఉండదు, ఏ క్షణంలో వాడకం ఉందో ఆ క్షణంలోనే ఉత్పత్తి ఉండాలి. రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా చేసి కొంటారు, అమ్ముతారు. కరెంటు కొని అమ్మే మార్కెట్ అయిన పవర్ ఎక్స్ఛేంజీలో ఎండాకాలం మధ్యాహ్నం యూనిట్ రెండు రూపాయల కిందికి జారిన రోజులు ఉన్నాయి. అదే రోజు రాత్రి ఏడు దాటాక నియంత్రణ మండలి పెట్టిన 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన సందర్భాలూ ఉన్నాయి. ఒకే తీగ, ఒకే యూనిట్, ఆరు గంటల తేడాలో ఐదు రెట్ల ధర. ఈ రెండు గంటలనూ కలిపి సగటు తీసి సౌరం, బొగ్గు అని పోలిస్తే ఏ వైపు వాదించాలన్నా సాక్ష్యం దొరుకుతుంది.

రాత్రి ఏడింటికి అవసరం కాబట్టి బొగ్గు ప్లాంటు కడదామంటే ఏమవుతుంది? బొగ్గు ప్లాంటును సాయంత్రం వెలిగించి అర్ధరాత్రి ఆర్పడం కుదరదు. చల్లబడిన బాయిలర్‌ను మళ్లీ లోడుకు తేవడానికి చాలా గంటలు పడుతుంది, మొదట ఖరీదైన ఆయిల్ కాల్చాలి, ఉష్ణోగ్రత పదేపదే మారితే ట్యూబులు పగులుతాయి. అందుకే మధ్యాహ్నం కూడా దాన్ని కనీస లోడు మీద ఉంచుతారు. నిబంధనల ప్రకారం ఆ కనీసం 55 శాతం, అంటే 800 మెగావాట్ల ప్లాంటుకు 440. ఆ ఆరు గంటల్లో అది 26 లక్షల యూనిట్ల పైన గ్రిడ్‌లోకి తోస్తుంది. అప్పటికే గ్రిడ్ ఎండతో నిండి ఉంటే సౌర ప్లాంటును ఆపమంటారు. ఆపినందుకు కూడా ఒప్పందం ప్రకారం పరిహారం చెల్లించాల్సి వస్తే, ఆ పూట కాల్చిన బొగ్గంతా, అంటే ఆ ఒక్క ప్లాంటుకే రోజుకు 77 లక్షల రూపాయలు, ఏ అవసరమూ తీర్చకుండా పోయినట్టే. పైగా తక్కువ లోడు మీద యూనిట్‌కు కాలే బొగ్గు ఇంకా పెరుగుతుంది. ఈ ఖర్చును కొందరు సౌర విద్యుత్ ఖాతాలో రాస్తారు, కొందరు బొగ్గు ఖాతాలో రాస్తారు. ఏ ఖాతాలో రాసినా చెల్లించేది వినియోగదారుడే.

బిల్లు తగ్గకపోవడానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంది. పైన చెప్పిన కొత్త ప్లాంటు 85 శాతం కాకుండా 60 శాతమే నడిస్తే స్థిర ఛార్జీ యూనిట్‌కు 2.57 నుంచి 3.64కు ఎక్కుతుంది. ఐదున్నర రూపాయల యూనిట్ ఆరున్నర దాటుతుంది. చవక సౌర విద్యుత్ వచ్చి బొగ్గు గంటలను తినేస్తుంది, బొగ్గు ప్లాంటుకు స్థిర ఛార్జీ మాత్రం రూపాయి తగ్గకుండా వెళ్తుంది. ఇకముందు ఏ బొగ్గు ప్లాంటూ 85 శాతం నడుస్తుందనుకోవడానికి వీల్లేదు, మధ్యాహ్నం గంటలు దానికి మిగలవు. కేవలం సాయంత్రం నాలుగు గంటల కోసమే దాన్ని కట్టామనుకుంటే స్థిర ఛార్జీ ఒక్కటే యూనిట్‌కు 13 రూపాయలు అవుతుంది.

ఆ నాలుగు గంటలకు ఇప్పుడు వేరే దారి ఉంది. 2022లో సెకీ టెండరులో బ్యాటరీ నిల్వకు మెగావాట్‌కు నెలకు 10.84 లక్షలు పలికింది. 2025లో చాలా టెండర్లలో అది రెండు, రెండున్నర లక్షల మధ్యకు దిగింది. ఇందులో కేంద్రం ఇచ్చే సాయం కలిసి ఉంది, ఆ సంగతి మరిచిపోకూడదు. 2.25 లక్షలనే తీసుకుందాం. ఒక మెగావాట్, రెండు గంటల బ్యాటరీ రోజుకు ఒకసారి నింపి ఖాళీ చేస్తే నెలకు 60,000 యూనిట్లు ఇస్తుంది. అంటే నిల్వ అద్దె యూనిట్‌కు 3.75. నింపడానికి రెండున్నర రూపాయల సౌర విద్యుత్ వాడితే, 15 శాతం నష్టం పోగా 2.94. రెండూ కలిపి 6.69 రూపాయలు. రాయలసీమలో గాలి బాగా వీచే జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాత్రి గాలితో అదే రెండున్నర రూపాయలకు రెండోసారి కూడా నింపగలిగితే ఇది 4.82కు వస్తుంది. 2024 డిసెంబరులో సెకీ 2,000 మెగావాట్ల సౌరానికి 4,000 మెగావాట్ అవర్ల (40 లక్షల యూనిట్ల) నిల్వ జోడించి పిలిచిన టెండరులో ధర 3.52 పలికింది. పగలూ సాయంత్రమూ కలిపిన ధర అది. సాయంత్రం ఎక్స్ఛేంజీలో 10 రూపాయలు పెట్టి కొనడం కంటే, ఆ నాలుగు గంటల కోసం కొత్త బొగ్గు ప్లాంటు కట్టడం కంటే ఈ దారి చవక.

బ్యాటరీ టెండరు రాసేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నింపిన దానిలో ఎంత తిరిగి వస్తుందో గ్రిడ్ మీటరు దగ్గరే కొలవాలి, కంటైనర్ లోపల కాదు. మే నెల ఎండలో కంటైనర్ల ఏసీలు తినే కరెంటును వేరే పద్దులో చూపిస్తే 85 శాతం అన్నది కాగితం మీదే ఉంటుంది. అందుబాటు 95 శాతానికి తగ్గితే జరిమానా నెలవారీగా కోయాలి, ఏడాది చివర సగటు తీస్తే ఏప్రిల్ సాయంత్రాలు పోయినా డిసెంబరు రాత్రులతో సరిపెట్టేస్తారు. ఏటేటా సామర్థ్యం తరగడం ఎలాగూ ఉంటుంది, పన్నెండో ఏట కూడా రాసుకున్నంత నిల్వ ఇచ్చే బాధ్యత బిడ్డర్‌దేనని స్పష్టంగా ఉండాలి.

మన రెండు రాష్ట్రాలకు బ్యాటరీ ఒక్కటే ఆధారం కాదు. నాగార్జునసాగర్‌లో ఏడు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఆరు టర్బైన్లు వెనక్కి తిరిగి నీటిని ఎత్తిపోయగలవు. శ్రీశైలంలో ఒక్కొక్కటి 150 మెగావాట్లది. ఇవి ఎప్పుడో కట్టి, ఖర్చు చాలావరకు తీరినవి. కిందివైపు నీరు తగినంత నిలవాలి, రెండు రాష్ట్రాల మధ్య నీటి లెక్క తెగాలి. ఆ రెండూ కుదిరిన రోజుల్లో ఇంతకంటే చవక నిల్వ దేశంలో దొరకదు. నీటి వివాదం పేరుతో వీటిని వాడకుండా వదిలేసి, ఖరీదైన సాయంత్రం యూనిట్ల కోసం ఎక్స్ఛేంజీకి వెళ్లడం బాధ కలిగిస్తుంది. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ వచ్చింది. దానికి నదితో పని తక్కువ, ఒకసారి నింపిన నీరే పైకీ కిందికీ తిరుగుతుంది, ఆవిరైనంత కలుపుకుంటే చాలు. నూటికి 20 నుంచి 25 యూనిట్లు నష్టపోయినా, ఆరు గంటలకు మించిన నిల్వకు బ్యాటరీ కంటే పంప్డ్ స్టోరేజీయే నయం.

అన్నిటికంటే చవక మార్గం అసలు నిల్వే అక్కర్లేకుండా వాడకాన్ని ఎండవైపు జరపడం. వ్యవసాయ పంపుసెట్లకు పగటిపూట తొమ్మిది గంటల సరఫరా ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనే చేస్తోంది. రాత్రిపూట పాములకూ షాకులకూ భయపడే రైతుకు అది మేలు, డిస్కంకూ మేలు. అయితే ఉదయం తొమ్మిదింటికి ఫీడర్లన్నీ ఒకేసారి తెరిస్తే సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఓవర్‌లోడ్ అవుతుంది, చివరి మోటార్లకు వోల్టేజీ పడిపోయి కాలిపోతాయి. అందుకని గ్రూపులుగా విడదీసి అరగంట ఎడంతో ఇవ్వాలి. వోల్టేజీ పడిపోకుండా సాయపడేందుకు 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టించాలి. ఇది ఎప్పటి నుంచో రూల్‌లో ఉంది, పొలాల్లో తక్కువ చోట్ల కనిపిస్తుంది. వ్యవసాయానికి సౌర విద్యుత్ కోసం కేంద్రం పెట్టిన కుసుమ్ పథకం కింద ఫీడర్ పక్కనే సౌర ప్లాంటు పెడితే దూరపు లైన్ల నష్టమూ తగ్గుతుంది. ఇక రాష్ట్రం బయటి నుంచి తెచ్చే సౌర విద్యుత్‌కు అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీల మినహాయింపు 2025 జూన్ 30 తర్వాత పూర్తయ్యే ప్రాజెక్టులకు ఏటా నాలుగో వంతు చొప్పున తగ్గిపోతోంది. కాబట్టి ఇకపై రాజస్థాన్ ధరను, కర్నూలు ధరను పోల్చేటప్పుడు లైన్ ఖర్చు కలిపి చూడాలి.

ఇంటి పైకప్పు గురించి ఒక మాట. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 225 యూనిట్లు దాటి 8.75 రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి కొన్నేళ్లలోనే డబ్బు తిరిగి వస్తుంది. 75 యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ 3 రూపాయలకు మించదు, వాళ్లను అప్పు చేసి పెట్టించుకోమనడం సరికాదు. ఎక్కువ చెల్లించే ఇళ్లన్నీ పైకప్పుకు మారితే డిస్కం ఆదాయం పడిపోతుందన్నది కూడా నిజమే. దానికి మందు పైకప్పులను ఆపడం కాదు, మధ్యాహ్నం తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉండే గంటలవారీ టారిఫ్. 2023లో కేంద్రం సవరించిన నిబంధనలు ఎండ గంటల్లో 20 శాతం తగ్గింపు ఇవ్వమంటున్నాయి. స్మార్ట్ మీటరు పెట్టాక ఆ తగ్గింపు ఇవ్వకపోతే ఆ మీటరు వల్ల వినియోగదారుడికి ప్రయోజనం ఏముంటుంది?

బొగ్గు ప్లాంట్లను రేపే మూసేయమని ఎవరూ అనలేరు. గాలి ఆగిన నవంబరు రాత్రి రెండింటికి ఇవాళ గ్రిడ్‌ను నిలబెట్టేది ఇబ్రహీంపట్నం, రామగుండం, సింహాద్రి, కృష్ణపట్నమే. చేయాల్సింది ఉన్నవాటిని 55 శాతం కంటే ఇంకా కిందికి దింపి నడిపేలా మార్చుకోవడం. బర్నర్లు, మిల్లులు, కంట్రోల్ వ్యవస్థ సరిచేసి 40 శాతానికి తేవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇప్పటికే గడువులు పెట్టింది. యూనిట్‌కు పావు కిలో దాకా పోగయ్యే బూడిద, ప్లాంటు వాడుకునే నీళ్లు వేరే లెక్క. కొత్తగా పాతికేళ్ల బొగ్గు ఒప్పందం ఏదైనా సరే, అదే గంటలకు సౌరం, పవనం, నిల్వ కలిపిన ధరతో పక్కపక్కన పెట్టి చూపించాకే సంతకం పెట్టాలి.

డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరుకు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను నియంత్రణ మండలికి ఇస్తాయి. ఆ తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, వకీలు అక్కర్లేదు. అందులో నాలుగు పట్టికలు అడగండి. ఒక్కో ప్లాంటుకు కట్టిన స్థిర ఛార్జీ, దాని నుంచి నిజంగా తీసుకున్న యూనిట్లు. నెలవారీగా ఆపేసిన సౌర, పవన యూనిట్లు, వాటికి చెల్లించిన పరిహారం. గనిలో రాసిన గ్రేడు, ప్లాంటులో తేలిన గ్రేడు. 96 బ్లాకుల్లో ఏ బ్లాకులో యూనిట్ సగటు కొనుగోలు ధర ఎంత. ఈ నాలుగూ డిస్కంల కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్న అంకెలు, కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేదు. వాటిని ప్రతి నెలా వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టమని మండలి ఆదేశించాలని మా కోరిక.

భవదీయులు,
విద్యుత్ కొనుగోళ్లు, గ్రిడ్ నిర్వహణ విభాగాల విశ్రాంత ఇంజనీర్లు
కర్నూలు